గంగ వంతు

మంగళవారం ఉదయం ఏడు గంటలకు, బేబిని మోసుకొస్తున్న డోలీ గెడ్డవాగు దాటాక రోడ్డు వైపు దిగలేదు. బడి వైపు ఎక్కింది.

ఆశ్రమ పాఠశాల వంటపాకలోంచి గంగ దాన్ని చూసింది. అప్పుడామె ఉప్మా కలియబెడుతోంది. గరిటె ఆమె భుజం ఎత్తు ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, నడుముతో కలపాలి. కుడి మోచేతి కింద గంజి పడి కాలిన చర్మం ముడత పడి ఉంది. ఆమె ఇక్కడ వంటకు చేరినప్పుడు పెద్ద కూతురు చంకలో ఉంది. ఇప్పుడా కూతురికే ఒక బిడ్డ.

డోలీకి ముందు గంగ మొగుడు బుధు, వెనక అతనికి తమ్ముడి వరసయ్యే మనిషి. వెదురు గెడకు కట్టిన దుప్పటిలో బుధు చెల్లెలు బేబి. నాలుగు రోజులుగా జ్వరం. నిన్నటిదాకా జ్వరంతోనే నడిచి వచ్చింది. రాక తప్పదు. బడి హాజరు ఫోనులో గంగ పేరు మీద ఉన్న ముఖం బేబిది.

వాళ్ళ ఊళ్ళో దారి బాగుచేసినా, ఎవరింటికైనా కప్పు వేసినా ఇంటికో మనిషి వెళ్ళాలి. ఎవరు వెళ్ళారన్నది ఎవరూ అడగరు. వెళితే ఆ ఇంటి వంతు తీరినట్టే. వలిసె పంట కోతల్లో గంగ పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆమె వంతుకు బేబి వంటపాకకు వచ్చింది. ఆ రోజే ముఖాలు ఎక్కించడానికి కొత్త ఫోనుతో ఒకతను వచ్చాడు. “గంగ ఎవరు?” అన్నాడు. “నేనే” అంది బేబి. గంగ వంతుకు వచ్చింది మరి.

వార్డెన్ ఫణీంద్రది అనకాపల్లి దగ్గర ఊరు. సంగతి అతనికి గంగ తిరిగొచ్చాకే తెలిసింది. మార్చాలంటే పైకి చెప్పాలి. చెబితే ముందు అతన్నే అడుగుతారు. “ప్రస్తుతానికి రోజూ ఆ బేబి గుంటని తెచ్చి చూపించు. తర్వాత చూద్దాం” అన్నాడు. ఆ ‘తర్వాత’ ఎప్పుడూ రాలేదు.

అప్పటినుంచి బేబి పొద్దున్నే వచ్చేది. మొదట్లో ఒక రోజు ఫోను ఆమెనూ ఒప్పుకోలేదు. ఫొటో తీసిన రోజు నుదుట బొట్టుబిళ్ళ ఉందని బేబికి గుర్తొచ్చింది. పెట్టుకుంటే తీసుకుంది. బొట్టు వల్లో వెలుతురు వల్లో ఎవరికీ తెలియదు. అప్పటినుంచి ఆ బిళ్ళ వంటపాక తలుపు చట్రానికే ఉంటుంది. బేబి వచ్చి దాన్ని తీసి పెట్టుకునేది, జెండా దిమ్మ ఎక్కేది. సిగ్నలు అక్కడే వస్తుంది. ముఖం చూపించి, దిగి, బిళ్ళను మళ్ళీ చట్రానికి అంటించి కాఫీ తోటలో పనికి పోయేది.

“గంగొచ్చింది సారూ. బేబి ఇంటికాడుంది” అనేది బేబి రోజూ.

“నెమ్మదిగా. ఎవరైనా వింటారు.”

“వింటే ఏటి? మాయమ్మ పింఛను ఆపినప్పుడు ఇంట్లో జీతముందన్నారు, ఇల్లంతా ఒకటే లెక్కన్నారు. మరి మొహానికి ఇంకో లెక్కేటి?”

ఫణీంద్ర ఫోను ఆమె ముఖానికి ఎదురుగా పట్టేవాడు. రెండు పూటలు హాజరు తప్పితే పేరు పోతుందని మాత్రం గంగకు చెప్పి ఉంచాడు. ఇంట్లో నెలనెలా వచ్చేది ఆ జీతం ఒక్కటే.

డోలీని చూసిన గంగ గరిటె వదిలి పరిగెత్తింది.

“ఇటెందుకు తెచ్చినావు? రోడ్డు మీదికి ఆస్పత్రి బండి వస్తాదని సెప్పినారు కదా!”

“అదే తెమ్మంది” అన్నాడు బుధు. “ముందు బడికి, తర్వాతే ఆస్పత్రికంది.”

డోలీని దిమ్మ మీద దించారు. గంగ చట్రం మీది బిళ్ళ తెచ్చి బేబి నుదుట పెట్టింది. నుదురు కాలుతోంది. ఫణీంద్ర వంగి ఫోను పట్టుకున్నాడు.

“కళ్ళు ఆర్పమంటోంది.”

బేబి కళ్ళు మూసింది. తెరవలేదు.

“ఆర్పాలి. మూసి తెరవాలి.”

“బేగి కానీండి సారూ” అన్నాడు బుధు.

“నా చేతిలో ఏముందయ్యా? ఇంకా చక్రం తిరుగుతోంది.”

గంగ కొంగు తడిపి బేబి కళ్ళు తుడిచింది. “గుంటా, ఒక్కపాలి. ఒక్కపాలి సూడు.”

బేబి తెరిచింది, మూసింది, తెరిచింది. ఫోనులో చక్రం తిరిగింది, ఆగింది, మళ్ళీ మొదలైంది. టిఫిను గంట కొట్టారు. పిల్లలు కంచాలతో వరసకట్టి డోలీని చూస్తూ నిలబడ్డారు. చివరికి తెర మీద పచ్చ గుర్తు పడింది. గంగ, హాజరు.

బేబి చెయ్యి నుదుటికి వెళ్ళింది. బిళ్ళ ఊడదీసి గంగ అరచేతిలో పెట్టింది.

“రేపటికుండాలి కదా వదినా.”

మగవాళ్ళు గెడ ఎత్తారు. గంగ రెండడుగులు వాళ్ళ వెంట వేసింది.

“నువ్వూ వెళితే పిల్లలకెవరు వండుతారు?” అన్నాడు ఫణీంద్ర. పిల్లల వరస వైపు చూసి, “మధ్యాహ్నం వడ్డించి వెళ్ళు” అన్నాడు.

గంగ బిళ్ళను చట్రానికి అంటించింది. అడుగంటిన ఉప్మాను పైపైన తీసి వడ్డించింది. పప్పు కడిగింది. బియ్యం ఏరింది, అన్నం వార్చింది. గంజి కాలువలో పోసింది. మధ్యలో రెండుసార్లు గెడ్డ వైపు చూసి వచ్చింది.

పిల్లలు తిని కంచాలు కడుగుతుండగా బుధు వచ్చాడు. భుజం మీద గెడ ఉంది. దుప్పటి లేదు.

“కాపీ తోట మలుపు కాడ నీళ్ళడిగింది” అన్నాడు. “ముంతెత్తి పట్టినాను. తాగలేదు.”

“బండి?”

“రోడ్డు మీదే ఉంది. మేం దిగేసరికి అయిపోయింది.”

గంగ చేతులు కడుక్కుంది.

“తిన్నగా రోడ్డుకే పోయుంటే?”

బుధు గెడను గోడకు ఆనించాడు.

సాయంత్రం బేబిని ఊరి పైన పూడ్చారు. మైల తీరేదాకా ఆ ఇంటివాళ్ళు పొరుగు పొయ్యి ముట్టరు. అయినా మర్నాడు పొద్దున్న గంగ బడికి వచ్చింది. తలుపు చట్రం మీది బిళ్ళ తీసి పెట్టుకుని దిమ్మ ఎక్కింది. ఫోను ఒప్పుకోలేదు. ఫణీంద్ర ఆమెను వెలుతురు వైపు తిప్పాడు. ఒప్పుకోలేదు.

“బేబి పోయిందని రాసెయ్యండి సారూ” అంది గంగ.

“ఎలా రాయను? ఈ ముఖం పోయిందని రాస్తే పోయింది గంగ అవుతుంది.”

“నేనున్నాను కదా.”

ఫణీంద్ర ఫోను జేబులో పెట్టుకున్నాడు. అతని చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

గంగ మూడు రోజులు వచ్చింది. మూడు రోజులూ వండింది. నాలుగో రోజు ఫోనులో ఆమె పేరు లేదు. బిళ్ళను చట్రానికి అంటించి, వంటపాక తాళంచెవి ఆఫీసు బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళింది.

సోమవారం నుంచి పక్క ఊరి మనిషి వంటకు వస్తోంది. తలుపు చట్రం మీద ఆ బొట్టుబిళ్ళ ఇంకా ఉంది.