క్యూలో మూడో మనిషి

గిన్నెలు కడుగుతూ విన్నీ డక్స్‌బరీ వంటింటి కిటికీ అద్దంతో మాట్లాడుతోంది. పెదవులు కదులుతున్నాయి, కనుబొమలు లేస్తున్నాయి. మధ్యలో ఒకసారి తల పంకించి, అంతేగా మరి అన్నట్టు మూతి కూడా విరిచింది. మాట మాత్రం ఒక్కటీ బయటికి రాలేదు. పక్కింటివాళ్ళెవరైనా చూస్తే డెబ్భై ఆరేళ్ళ ముసలావిడకి మతి చలించిందనుకునేవాళ్ళే. ఆవిడ చేస్తున్నది సాధన. పదహారేళ్ళ తరవాత ఇవాళ మళ్ళీ పనిలోకి వెళ్తోంది.

ఆ పని ఏమిటంటే, క్యూలో నిలబడటం.

టీవీలో పందొమ్మిదేళ్ళు నడిచిన 'పిల్చర్డ్ అండ్ సన్' అనే నవ్వుల నాటకమంతా చేపలు వేయించి అమ్మే ఒక కొట్టులో జరుగుతుంది. కొట్టన్నాక గిరాకీ ఉండాలి, గిరాకీ అన్నాక క్యూ ఉండాలి. ఆ క్యూలో ముందునుంచి మూడో మనిషి విన్నీ. ముసలి పిల్చర్డ్ తిట్లనీ, అతని కొడుకు తెలివితక్కువ వ్యాపారాలనీ దేశమంతా ఆవిడ భుజం మీదుగా చూసి నవ్వింది. ఆవిడని ఎవరూ చూడలేదు. కనపడకుండా కనపడటమే ఆ ఉద్యోగం. ఎక్స్‌ట్రా పెదవులు కదపాలి గానీ గొంతు కదపకూడదు. ఒక్క మాట పలికితే ఎక్స్‌ట్రా కాస్తా నటి అయిపోతుంది. అప్పుడు ఒప్పందం వేరు, సంఘం వేరు, టీ తాగే గది కూడా వేరు. అందుకని పందొమ్మిదేళ్ళలో ఆవిడకి ఎవరూ ఒక్క మాటైనా ఇవ్వలేదు.

చప్పుడు లేకుండా మాట్లాడటం ఆవిడ స్టూడియోలో నేర్చుకోలేదు. పదిహేనో ఏట తన ఊరు ఓల్డమ్‌లోనే నేత మిల్లులో చేరింది. మూడు వందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే చెవిలో అరిచినా వినపడదు. మిల్లు ఆడవాళ్ళంతా పెదవులతోనే మాట్లాడుకునేవాళ్ళు. మేస్త్రీ వెకిలి చేష్టలు, మొగుళ్ళ తాగుళ్ళు, ఎవరికి నెల తప్పిందన్న కబురు, అన్నీ ఆ మోతలో ఈ మూల నుంచి ఆ మూలకి చేరిపోయేవి. పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో మిల్లు మూతపడింది. మరుసటేడు టీవీవాళ్ళు వచ్చి, శబ్దం రాకుండా మాట్లాడగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే ఊరు ఊరంతా నవ్వింది.

క్యూలో ఆవిడ వెనకే నిలబడే నాలుగో మనిషి హెర్బీ టాంలిన్సన్. పోస్ట్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, చెవుల్లో తెల్లటి వెంట్రుకలు. అతని తల్లి కూడా మిల్లు మనిషే కాబట్టి పెదవులు చదవడం అతనికి ఉగ్గుపాలతో వచ్చింది. ప్రతి శుక్రవారం కెమెరాలు తిరుగుతుండగా విన్నీ వెనక్కి తిరిగి అతనికి తన వారమంతా చెప్పేది. భర్త క్లిఫర్డ్ పోయిన వారం కూడా మానకుండా వెళ్ళింది. పిల్చర్డ్ పిండి గంగాళంలో పడ్డ భాగం అది. ఈనాటికీ జనం గుర్తు చేసుకుని నవ్వుతారు. ఆ నవ్వుల వెనకాల విన్నీ తన మొగుడి ఆఖరి రాత్రి గురించి చెప్పుకుంది. కోటిమంది చూశారు, హెర్బీ ఒక్కడే విన్నాడు.

ఇప్పుడు పాతవాళ్ళందరినీ మళ్ళీ కలిపి క్రిస్మస్‌కి ఒక ప్రత్యేక భాగం తీస్తున్నారు. విన్నీకి పిలుపు రాలేదు. తనే ఫోన్ చేసింది. "క్యూ ఉంటుందా?" అని అడిగింది. ఉంటుందన్నారు. "అయితే నేనూ ఉంటాను," అని పెట్టేసింది.

తడిసిన గొడుగు దులుపుకుంటూ సాల్ఫర్డ్‌లోని స్టూడియోలో అడుగుపెట్టేసరికి పదయింది. రికార్డింగు మధ్యాహ్నం మూడింటికి. పూర్వం సాయంత్రం ఏడింటికి పెట్టేవాళ్ళు. ఇప్పుడు నటులకీ ప్రేక్షకులకీ కూడా ఏడింటికి మందులేసుకునే వయసొచ్చింది.

సెట్టు అచ్చం పాతదానిలాగే కట్టారు. పచ్చటి పలకలు, ఇత్తడి కటకటాలు, వెనిగర్ సీసాలు. విన్నీ లోపలికొచ్చి చుట్టూ చూసింది. పొట్టి మనిషి, లావుపాటి చీలమండలు, మగ్గం మీదికి వంగి వంగి కాస్త ముందుకొచ్చిన భుజాలు. ఊలు టోపీ సర్దుకుని, కూరల సంచి మోచేతికి తగిలించుకుని, ఎవరినీ అడగకుండా వెళ్ళి మూడో చోట నిలబడింది. అప్పుడు చూసింది, నేల మీద రంగు టేపుతో అంటించిన గుర్తులు.

మెడలో హెడ్‌ఫోను వేసుకున్న టామ్సిన్ అనే అమ్మాయి పరుగున వచ్చింది. పైగదిలో కూర్చున్న డైరెక్టర్ చెప్పేవన్నీ కింద జరిపించేది ఆ పిల్లే.

"విన్నీగారూ, మీది ఏడో గుర్తండీ. తలుపు పక్కన, ఫ్రిజ్ వెనకాల."

"నాది మూడమ్మా."

"నిజమే గానీ, గెస్టు గారు నడిచొచ్చేది ఇటువైపే. ఇక్కడ కాస్త సన్నగా ఉండే మనిషైతే..."

"అంటే నేను అడ్డుగోడనా? పక్కనుంచి రమ్మను."

"పైన డైరెక్టర్ గారు చెప్పారండీ."

"పైన దేవుడే చెప్పినా నాది మూడే. పందొమ్మిదేళ్ళు నిలబడ్డాను. ఫ్రిజ్ వెనక నిలబడటానికి మా ఇంట్లో కూడా ఫ్రిజ్ ఉంది."

కౌంటరు వెనక లెనర్డ్ ప్రౌట్ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. పిల్చర్డ్ వేషం ఆయనదే. ఎనభై ఒక్కేళ్ళు, రెండు మోకాళ్ళూ మార్పించుకున్నాడు. "ఆవిణ్ణి కదపకు తల్లీ," అన్నాడు. "నేనెక్కడ నిలబడాలో ఆవిడ టోపీ చూసుకునే తెలుసుకునేవాణ్ణి. ఆవిడ జరిగిందంటే నేను నూనెలో పడతాను."

టామ్సిన్ పైకి ఏదో చెప్పింది, పైనుంచి ఏదో విన్నది. మూడో గుర్తు మీదికి రావలసిన సన్నటి కుర్రవాడు ఏడుకి వెళ్ళాడు. విన్నీ కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి స్థిరపడింది. గెలిచానని గర్వంగానే అనిపించింది ఆవిడకి.

ఆవిడ రెండో ప్రపంచ యుద్ధానికి ముందేడు పుట్టింది. రేషను క్యూలో తల్లి కోటు అంచు పట్టుకుని నడక నేర్చింది. వరస నిలిస్తేనే ముందున్నవాళ్ళతో పాటు వెనకున్నవాళ్ళూ బతుకుతారని, క్యూ తప్పినవాడు ఎవరి పిల్ల నోటి దగ్గరి రొట్టో లాక్కుంటున్నాడని ఆ తల్లి చెప్పేది. క్లిఫర్డ్ తగిలింది కూడా సినిమా హాలు క్యూలోనే. వానలో గంటన్నర ఆవిడ వెనక నిలబడి ఒక్కసారి కూడా తోసుకోలేదు. పెళ్ళికి అంతకంటే ఏం చూడాలి?

రిహార్సలు సాఫీగా జరిగింది. కథ ప్రకారం ఒక పెద్ద టీవీ తార చేపల కోసం కొట్టుకొచ్చి, క్యూ దాటుకుని నేరుగా కౌంటరు దగ్గరికెళ్తాడు. పిల్చర్డ్ అతన్ని చూసి పొంగిపోయి చేపకి బదులు తన టోపీని పిండిలో ముంచుతాడు. ఆ తార డెక్స్టర్ పైన్. పాత ఇళ్ళు కొని బాగుచేసి అమ్మే కార్యక్రమం నడుపుతాడు. అతని రైలు ఆలస్యం కావడంతో రిహార్సల్లో అతనికి బదులు ఆఫీసు కుర్రవాడొకడు నడిచాడు. విన్నీ పక్కనుంచి వెళ్తూ "సారీ అండీ, ఒక్క నిమిషం," అన్నాడు. ఆవిడ జరిగి దారిచ్చింది.

మూడింటికి మూడు వందలమంది ప్రేక్షకులు నిండారు. పాత పాట మొదలవగానే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు కూడా. లెనర్డ్ ఉల్లిపాయల ఊరగాయ సీసా మూత తియ్యలేక తంటాలు పడ్డాడు, నవ్వారు. విన్నీ వెనక్కి తిరిగి హెర్బీకి పదహారేళ్ళ కబుర్లు మొదలుపెట్టింది, చప్పుడు లేకుండా. అప్పుడు తలుపు గంట మోగింది.

డెక్స్టర్ పైన్ వచ్చాడు. నిగనిగలాడే బూట్లు, ఖరీదైన కోటు. సారీ అనలేదు. అతని భుజం విన్నీ భుజాన్ని రాసుకుంటూ పోయింది.

"ఇక్కడ క్యూ ఉంది, నాయనా."

ఆ గొంతు ఎవరిదా అని విన్నీయే ఒక క్షణం అటూ ఇటూ చూసింది. మిల్లు గొంతు, మగ్గాల మోతలో వాడక అరగకుండా మిగిలిపోయిన గొంతు. హాలు గొల్లుమని నవ్వింది. డెక్స్టర్ ఆగిపోయాడు. లెనర్డ్ పిల్చర్డ్‌గానే కళ్ళెగరేసి, "విన్నావుగా? వెనక్కెళ్ళు," అనేశాడు. నవ్వులు రెట్టింపయ్యాయి.

"కట్!" అంది టామ్సిన్. దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "విన్నీగారూ, మాట్లాడకూడదండీ," అంది.

"తెలుసమ్మా. నోరు జారింది."

"ఇంకోసారి తీస్తున్నారు. జారకుండా చూసుకోండి."

"చూస్తాను."

నిజంగానే చూసుకుంది. సిగ్గేసింది ఆవిడకి. ఆ వెనకే, దాచడమెందుకు, సంతోషమూ వేసింది. మూడు వందలమంది తన మాటకి నవ్వారు. అయినా పని పనే. పళ్ళు బిగించి నిలబడింది. గంట మోగింది. ఈసారి ఆవిడ అడ్డు రాకుండా చూసుకోమని డెక్స్టర్‌కి ఎవరో చెప్పినట్టున్నారు. అతను వస్తూనే ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, బీరువా జరిపినట్టు పక్కకి జరిపాడు.

"చెయ్యి తియ్యి," అంది విన్నీ. "క్యూ ఉందని చెప్పానా లేదా?"

ఈసారి నవ్వు కాదు, చప్పట్లు. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. పైగది తలుపు దడాలున మూసుకుని, ఇనపమెట్ల మీద అడుగుల చప్పుడయింది. డైరెక్టర్ జాస్పర్ దిగాడు. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి, మెత్తటి గడ్డం, మెత్తటి మాట.

"విన్నీగారూ, అతను తోసుకురావడమే ఇక్కడ జోకు. అర్థమవుతోందా?"

"అవుతోంది బాబూ. తోసుకొస్తే ఎవరో ఒకరు అడగాలిగా. ఈ ఊళ్ళో అడక్కుండా ఊరుకుంటే, అది జోకు."

"ఇది నిజం కొట్టు కాదండీ. ఇందులో చేపలు కూడా నిజమైనవి కావు."

"చేపల సంగతి నాకు తెలీదు. నేను మాత్రం నిజంగానే నిలబడ్డాను."

జాస్పర్ గడ్డం నిమురుకున్నాడు. "ఏడో గుర్తు దగ్గరికి వెళ్తారా?"

"వెళ్ళను."

"పోనీ, మాట్లాడకుండా ఉంటారా?"

విన్నీ ఆలోచించింది. అవునంటే చాలు, సాయంత్రం దాకా ఇదే చోటు, క్రిస్మస్‌నాడు టీవీలో ఈ టోపీ. ఈ చోటు కోసమే పొద్దున్నుంచీ పోట్లాడింది. నోరు మూసుకు నిలబడితే ఇది మూడో చోటు కాదు, ఉత్త టేపు ముక్క.

"ఆ మహానుభావుడు మళ్ళీ తోసుకొస్తే మళ్ళీ అంటాను. ముందే చెప్తున్నాను, తరవాత నన్ననకండి."

"అయితే మీరు వెళ్ళాల్సి వస్తుందండీ," అన్నాడు జాస్పర్. అతనికీ బాధగానే ఉంది.

విన్నీ లెనర్డ్ వైపు చూసింది. ఆయన పిండి గంగాళంలోకి చూస్తున్నాడు. ఎనభై ఒకటో ఏట వచ్చిన ఆఖరి అవకాశం ఆయనది. ఆవిడకి కోపం రాలేదు.

"సరే," అంది. మోచేతికున్న నూలు వల సంచి తీసి, వంగి, తను నిలబడ్డ చోటే నేల మీద జాగ్రత్తగా పెట్టింది. నడుము పట్టుకుని లేచింది. "హెర్బీ, అలా వెళ్ళొస్తాను. నా చోటు చూస్తూండు."

"చూస్తానులే, వెళ్ళిరా," అన్నాడు హెర్బీ.

ఆవిడ నిదానంగా నడిచి వెళ్ళింది. ప్రేక్షకుల్లో ముందు వరసవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. దుస్తుల గదిలో తన కోటు తొడుక్కుంది. అద్దం ముందు టోపీ సరిచేసుకుంది, గొడుగు తీసుకుంది. కాపలాదారు "అప్పుడే అయిపోయిందా?" అనడిగితే, "నాది అయిపోయింది," అంది, పైకే. ట్రామ్ వచ్చింది. లోపలివాళ్ళు దిగేదాకా ఆగి, ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. ట్రామ్ కదిలి వానలో ఓల్డమ్ వైపు వెళ్ళిపోయింది.

స్టూడియోలో జాస్పర్ మళ్ళీ పైకెక్కాడు. టామ్సిన్ క్యూని సర్దింది. "హెర్బీగారూ, ఒక అడుగు ముందుకి రండి. ఖాళీ కనపడుతోంది."

"ఖాళీ ఎక్కడుందమ్మా? ఆవిడ వస్తానంది."

"ఆవిడ రారండీ."

"ఆ సంగతి ఆవిడ చెప్పలేదుగా."

టామ్సిన్ అతని వెనకనున్న ఐదో మనిషిని చూసింది. ఐదో మనిషి కప్పు వైపు చూశాడు. ఆరో ఆవిడ చేతిసంచి జిప్పు లాక్కుంది. ఏడో గుర్తు మీది సన్నటి కుర్రవాడు కూడా కదల్లేదు. కింద పడున్న సంచిని తీసేద్దామని టామ్సిన్ వంగింది. మధ్యలో ఆగి, తనకే ఎందుకో తెలియకుండా, లేచి నిలబడింది. పైనుంచి కానివ్వమన్నారు.

గంట మోగింది. డెక్స్టర్ పైన్ వచ్చాడు. ముఖం నిండా నవ్వుతో, విసురుగా మూడడుగులు వేశాడు. దారి బార్లా ఉంది. అడ్డం వచ్చేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళు లేరు. కౌంటరు ఇంకా రెండడుగులు. అక్కడ నేల మీదికి చూశాడు. అతనూ ఈ దేశంలోనే పుట్టాడు, అతన్నీ ఒక తల్లి చెయ్యి పట్టుకుని ఎక్కడో ఒక వరసలో నిలబెట్టే ఉంటుంది. బూటు గాల్లోకి లేచి, ముందుకి పడకుండా మళ్ళీ అక్కడే దిగింది.

"క్షమించండి," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. వెనక్కి నడిచి, హెర్బీని దాటి, ఐదునీ ఆరునీ ఏడునీ దాటి, తలుపు పక్కన ఆఖర్న నిలబడ్డాడు.

హాల్లో ఒక్కరూ నవ్వలేదు. కౌంటరు వెనక లెనర్డ్ నెమ్మదిగా కాగితం టోపీ తీసేశాడు. పైన కట్ చెప్పడం ఎవరికీ తోచలేదు. కెమెరా తిరుగుతూనే ఉంది. దాని ఎదురుగా, రెండో మనిషికీ నాలుగో మనిషికీ మధ్య, ఒక ఉల్లికాడ బయటికి పొడుచుకొచ్చిన నూలు వల సంచి తన వంతు కోసం చూస్తూ నిలబడి ఉంది.