గీతల్లేని బొటనవేలు

నేను ఒక ఊదారంగు స్టాంపు ప్యాడ్‌ని. అరచేతిలో పట్టే రేకు డబ్బా, లోపల సిరా తాగిన గుడ్డ, అంతే నా సంసారం. హైదరాబాదులో ఒక ఇరుకు షెడ్డులో పుట్టి, పలాస దగ్గర ఒక ఊరి రేషన్ డిపోకి వచ్చిపడ్డాను. నా మీద ఎన్ని వందల బొటనవేళ్ళు పడ్డాయో! నొక్కడం, మిగిలిన సిరా గోడకి తుడవడం, రంగు వదలడం లేదని నన్నే తిట్టడం. పని అయ్యాక మూత మూసిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. నేను ఎండిపోతే మళ్ళీ తిట్లు నాకే!

ఆ వేళ్ళలో నేను ఇట్టే గుర్తుపట్టే వేలు దాలమ్మది. చిన్నప్పటి నుంచీ జీడిపిక్కలు ఒలుస్తోంది. తొక్కలోని నూనె కాల్చీ కాల్చీ ఆ వేలి మీది గీతలన్నీ చెరిగిపోయాయి. కాగితం మీద పెడితే ఊదా మచ్చ ఒకటి పడేది, అంతే. కొన్నాళ్ళకి డిపోలో వేలు పెట్టే మిషను పెట్టారు. అది అందరికీ పలికింది, దాలమ్మకి పలకలేదు.

"నీకు వేలిముద్రే లేదమ్మా," అన్నాడు డీలరు.

"ఏలు ఉన్నాది కద బాబూ!" అంది దాలమ్మ.

అందరూ పగలబడి నవ్వారు. దాలమ్మ నవ్వలేదు.

మిషను వచ్చాక నాతో ఏం పని? ఊరి హైస్కూలు హెడ్మాస్టరు కూర్మారావుగారు అడిగి పట్టుకెళ్ళారు. ఒక ఆదివారం ఆయన గదిలో చూద్దును కదా, పలక పట్టుకుని దాలమ్మ! తన పేరులో 'మ్మ' ఒత్తు దగ్గరే మూడు రోజులు తన్నుకులాడింది. అయినా వదల్లేదు. నాలుగేళ్ళు తిరిగేసరికి ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్షలకి కూర్చుంది. ఊరి అంగన్‌వాడీలో ఆయా పోస్టు ఖాళీగా ఉంది. పది పాసైన కాగితం ఉండాలట, ముప్పై అయిదేళ్ళు దాటకూడదట. ఆమెకి అప్పటికే ముప్పై నాలుగు నిండాయి.

"ఈపాలి తప్పితే మరి బతుకంతా పిక్కలే మాస్టారూ," అంది.

ఆఖరి రోజు లెక్కల పరీక్ష. జవాబు పుస్తకాల మీద ముద్ర కొట్టడానికి నన్నూ హాల్లోకి తెచ్చారు. పరీక్షకి కాపలాగా పొరుగూరి నుంచి వచ్చిన మేడమ్ ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో హాజరు కాగితాన్ని పట్టుకుని దాలమ్మ దగ్గర ఆగింది. దాలమ్మ కళ్ళు లెక్క మీదే ఉన్నాయి. పాత అలవాటు! వేలు వచ్చి నా మీద వాలింది, అక్కడి నుంచి సంతకం గడిలోకి దూకింది. ఊదా మచ్చ!

"సంతకమే రాదా? మరి ఈ పేపరు ఎవరు రాశారు? ఎవరి బదులు వచ్చావమ్మా?" అంటూ మేడమ్ జవాబు పుస్తకం లాగేసుకుంది.

నా ప్రాణం పోయింది. నాలుగేళ్ళ కష్టం నా సిరాలోనే మునగాలా!

"అలవాటుగా ఏలు ఎల్లిపోనాదమ్మా! నానే రాసినాను!" అంటూ దాలమ్మ లేచింది. ఎవరినీ అడగలేదు. సరాసరి నల్లబల్ల దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసి రాసింది: 'నా పేరు దాలమ్మ. ఈ పేపరు నేనే రాశాను. నా పేపరు నాకు ఇవ్వండి.'

ఒత్తు ఎంత చక్కగా కుదిరిందో! మేడమ్ నల్లబల్లనీ జవాబు పుస్తకాన్నీ మార్చి మార్చి చూసింది. అదే చేతిరాత.

"సరే, మచ్చ పక్కన సంతకం పెట్టు. త్వరగా రాయి, ఇంకా అరగంటే ఉంది," అంది, కొంచెం నవ్వుతూ.

పాసైంది! ముప్పై అయిదు నిండడానికి ఇంకా నెలా పది రోజులుండగా సర్టిఫికెట్ బడికి వచ్చింది. కూర్మారావుగారు రిజిస్టరు తెరిచి, నన్ను కావాలనే ఆమె ముందుకి జరిపారు.

"వేలిముద్ర వేస్తావా దాలమ్మా?"

"సాల్లెండి మాస్టారూ!"

పకపకా నవ్వి పెన్ను తీసుకుని నిదానంగా సంతకం పెట్టింది. సర్టిఫికెట్ చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చింది. ఆ గీతల్లేని బొటనవేలితోనే టక్కున నా మూత మూసింది.