మెట్ల కింద కాపురం

మూడో అంతస్తు నుంచి రెండో అంతస్తు దాకా మెట్లు కడిగేసరికి ఆమె నడుము పట్టేసింది. కుచ్చిళ్ళు పైకి దోపుకుని, వంగినచోటే ఒక్క క్షణం ఆగింది. నీళ్ళలో నానీనానీ వేళ్ళసందులు తెల్లగా పాసిపోయాయి. ఆ భవనంలో అందరూ ఆమెను మెట్లామె అనే పిలుస్తారు. మొగుడు పోయాక కూతురి చెయ్యి పట్టుకుని వచ్చి, మెట్ల కింద గదిలో చేరింది. నీళ్ళమోటారు పక్కన చాప పరిస్తే ఇక కాలు పెట్టే చోటుండదు. ఆ చాప మీదే చదివి పిల్ల యూనివర్సిటీలో సీటు తెచ్చుకుంది.

ఫీజు, హాస్టలు ఖర్చు సర్కారే భరిస్తుంది. కాకపోతే ఈ ఊళ్ళో మూడేళ్ళుగా ఉంటున్నారని ఇంటి యజమాని చెప్పాలి. ఓనరమ్మ చెప్పనంది. ఒప్పుకుంటే రేపు గది తమదేనంటారని ఆవిడ భయం. కాళ్ళావేళ్ళా పడితే, "మెట్ల కింద పిల్లులూ ఉంటాయి. వాటికీ సాక్ష్యం చెప్పనా?" అని తలుపేసుకుంది.

ఇవాళ విచారణకు సర్కారు గుమాస్తా వచ్చాడు. సాక్ష్యం లేకపోతే దరఖాస్తు కొట్టేస్తానన్నాడు. ఓనరమ్మ గుమ్మంలో నిలబడి, వీళ్ళు పొద్దున వచ్చి పనిచేసి పోయేవాళ్ళని చల్లగా చెప్పింది. గుమాస్తా పెన్ను మూత పెట్టబోయాడు. మెట్ల మలుపులో కూతురి ముఖం పాలిపోయింది.

మెట్లామె కిందికి దిగి, బకెట్లోని మురికినీళ్ళు ఓనరమ్మ గడప మీద కుమ్మరించింది.

"కళ్ళు నెత్తికెక్కాయే నీకు? నా మెట్ల కింద పడుంటూ, నా నీళ్ళు తాగుతూ, నా గడపే తడుపుతావా?"

"మేమొచ్చి ఎన్నాళ్ళైందనమ్మా అంత లావు మాటలు? నిరుటి నుంచేగా," అంది మెట్లామె, చీపురుతో నీళ్ళు ఇంకాస్త లోపలికి తోస్తూ.

"నిరుడా? ఎనిమిదేళ్ళు. మా వాడి పెళ్ళికి అంట్లు తోమడానికొచ్చి దిగబడ్డావు. రోజూ తెల్లారి నీ మొహమేగా చూసి చస్తున్నాను."

గుమాస్తా రాసుకుంటున్నాడు. ఓనరమ్మ నాలుక కరుచుకుంది గానీ, అప్పటికే మాట నోరు దాటిపోయింది.

అతను వెళ్ళగానే, సాయంత్రానికి గది ఖాళీ కావాలంది. మెట్లామె తలూపి, మిగిలిన మెట్లు కడిగింది.

"నువ్వెక్కడుంటావమ్మా?" అంది కూతురు మూట కడుతూ.

"నువ్వు హాస్టల్లో ఉంటావుగా. నాకేం, ఊళ్ళో మెట్లకి కరువా?"

పొద్దువాలే వేళకు తల్లీకూతుళ్ళు చాప చుట్టుకుని గేటు దాటారు. డాబా మీద తీగకు, రెండు క్లిప్పుల మధ్య, పిల్ల పాత యూనిఫాం లంగా ఒకటి గాలికి ఊగుతూ ఉండిపోయింది.