మాంసం తగలని ఓవెన్

నేరేడు పండు రంగు.

ట్రే నిండా, వేలికొనంత తూటాలు… వరసగా నిలబడి, వేడివేడిగా మెరుస్తూ.

గరాజ్ తలుపు కింది సందులోంచి మేపుల్ ఆకులు దొర్లుకొచ్చేవి.

అల్లుడు కౌశిక్ శనివారాలు సీసం కరిగించి అచ్చుల్లో పోసేవాడు. చల్లారిన తూటాలను రంగుపొడి ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి గలగలా ఆడించేవాడు. ఆ తర్వాత చిన్న ఓవెన్‌లో ఇరవై నిమిషాలు.

పొడి కరిగేది. తొడుగయ్యేది. లోపలి సీసం కనిపించేదే కాదు.

"అత్తయ్యా, ఈ ఓవెన్ ముట్టుకోకండి. ఇది బుల్లెట్లకే."

విన్నాను. తల కూడా ఊపాను.

కానీ వంటింటి ఓవెన్‌లో కోడిని కాల్చేవాళ్ళు. నా చెయ్యి అందులోకి పోయేది కాదు. దీనికి మాంసం తగల్లేదు… నేను చూసింది అదొక్కటే. వాళ్ళిద్దరూ ఆఫీసులకు వెళ్ళాక, ట్రేని తడిగుడ్డతో తుడిచి, మనవరాలికి చిలగడదుంపలు కాల్చాను.

దియకు రెండేళ్ళు. "అమ్మమ్మా, మోర్!" అనేది.

ఆకులు రాలినన్నాళ్ళూ కాల్చాను.

మామూలు చెకప్‌కి తీసుకెళ్తే, దియ రక్తంలో సీసం ఉందన్నారు. ఎక్కడిదో ఇంట్లో వెతకమంది డాక్టరు.

మా అమ్మాయి రాగిణి వెతకలేదు. భర్త వైపు చూసింది.

"షూటింగ్ రేంజ్ నుంచి వచ్చి చేతులు కడుక్కోకుండా పిల్లని ఎత్తుకుంటావ్!"

"కడుక్కుంటాను రాగీ. షూస్ కూడా బయటే విప్పుతాను. అమ్మతోడు."

"నీ ఒట్లు రిపోర్ట్‌లో కనపడట్లేదు కౌశిక్."

నేను చారు కలుపుతున్నాను. కలుపుతూనే ఉన్నాను…

చెబితే నన్ను మా ఊరికి పంపేస్తారు. విడిపోవడాలు నాకు తెలుసు — కదిలిన రైలు కిటికీలో చిన్నదవుతూ పోయిన అక్క చెయ్యి. ఆసుపత్రి గుమ్మం దగ్గర మిగిలిపోయిన ఆయన చెప్పులు. ఇంకొకటి మోయలేననుకున్నాను.

అందుకని అతణ్ణి మోయనిచ్చాను.

కౌశిక్ అచ్చులు, డబ్బాలు, ఓవెన్ అన్నీ కార్‌లో సర్దాడు. పక్కూరు పార్సిప్పనీలో స్నేహితుడి అపార్ట్‌మెంట్‌కి. వెళ్ళేముందు దియను ఎత్తుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, నవ్వాడు.

పిల్ల రెండు చేతులూ చాచింది. అలాగే చాచి ఉంచింది.

"అత్తయ్యా, దానికి బయటివేం పెట్టకండి. మీ చేతి వంటే పెట్టండి."

తల ఊపాను. మళ్ళీ.

ఈరోజు రెండో రిపోర్ట్ వచ్చింది. సీసం తగ్గింది.

తగ్గదా మరి… ఓవెన్ పోయింది కదా.

"చూశావా అమ్మా? అతను వెళ్ళగానే తగ్గింది." రాగిణి నవ్వుతోంది, ఎన్నాళ్ళకో. "ఇంక రావద్దనే చెప్తాను." ఫోన్ తీసింది.

పిల్ల బాగుపడుతోంది. నాకు సంతోషంగా ఉంది.

"రాగిణీ…"

"ఏంటమ్మా?"

"ఆ ఓవెన్‌లో… నేను…"

రాగిణి వేలు ఫోన్ మీదే ఆగింది. ముఖంలో నవ్వు ఇంకా పోలేదు… ఇంకా పోలేదు.

కిటికీ అవతల తొలి మంచు. చెట్లు వరసగా నిలబడి, తెల్లగా, తెల్లగా…