రెండు కాళ్లూ ఒకేసారి

పెళ్లయిన కొత్త కదా, నాకు ప్రతిదీ పండగే. కల్లూరులో కొత్త ఇల్లు, వాకిట్లో కారు, అత్తమ్మతో కలిసి డ్రైవింగ్ నేర్చుకోవడం! బండి ఆగిపోకుండా కదిలించిన రోజు ఆనందం పట్టలేక అందరికీ మిరపకాయ బజ్జీలు తినిపించాను.

మా అత్తమ్మ ఉరుకుందమ్మ మొన్నమొన్నటిదాకా ఎమ్మిగనూరులో మగ్గం నేసింది. తనే కారు నడుపుకుంటూ ఆలూరులో చెల్లెలి ఇంటి ముందు దిగాలని ఆమె కోరిక. "దాని వాకిట్లో హారన్ కొట్టల్ల. గంగ నోరెళ్లబెట్టల్ల!" అనేది.

చిక్కల్లా కాళ్లతోనే. మగ్గంలో ఒక కాలు తొక్కితే రెండోది లేవాలి. కారులోనూ అంతే, క్లచ్ తొక్కగానే బ్రేకు మీది కాలు లేచిపోయేది. నేర్పే శేషన్న అది పసిగట్టాడు. నన్ను రోడ్డెక్కించి, ఆమెను ఇంజను ఆపిన కారులోనే కూర్చోబెట్టాడు.

"స్టీరింగు జోలికి పోవద్దుక్కా. రెండు కాళ్లూ కలిపి తొక్కు. అది కుదిరినంక ఖాళీ ప్లాట్లలో తిరుగుదాం."

కూరగాయలు తరుగుతూ కూడా అత్తమ్మ నేలను తొక్కేది.

"ఏందత్తా, వంకాయలకు బ్రేకేస్తాండావా?" అంటే పకపకా నవ్వేది.

మా ఆయన సుధీర్‌కే ఓపిక లేకపోయింది. "ఆగిన బండిలో ఎన్నాళ్లు కూచుంటావుమ్మా? రోడ్డెక్కితే అదే వస్తాది, పద" అని తల్లిని మెయిన్ రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. నేను వెనక సీట్లో చప్పట్లు కొడుతున్నాను. ముందు షేర్ ఆటో ఆగింది. అత్తమ్మ క్లచ్ తొక్కింది, బ్రేకు కాలు లేచింది. సుధీర్ స్టీరింగ్ లాగేయడంతో కారు ఇసుక కుప్పలోకి దూరింది. ఎవరికీ ఏమీ కాలేదు.

"నీకు రాదులేమ్మా" అన్నాడు సుధీర్, ఆ భయంలో.

మర్నాడు శేషన్న పిలిచినా ఆమె బయటికి రాలేదు. "ఇవి మగ్గం కాళ్లప్పా" అంది లోపల్నుంచే.

నిన్న ఆలూరు బయలుదేరాం. సుధీర్ నడుపుతున్నాడు, నేను వెనక సీట్లో అత్తమ్మ పక్కన కూర్చున్నాను. గొర్రెల మంద అడ్డొచ్చింది. కిందికి చూస్తే అత్తమ్మ పాదాలు రెండూ మ్యాట్‌ను కలిపి నొక్కిపట్టి ఉన్నాయి.

"అత్తా! నీకు వచ్చేసింది!" అని అరిచాను.

సుధీర్ కారు పక్కకు తీసి దిగాడు. "ముందుకు రామ్మా. రోడ్డు ఖాళీగా ఉండాది."

ఆ సీటు వంక ఆమె చాలాసేపు చూసింది. తర్వాత కాళ్లను కుచ్చిళ్ల కిందికి లాక్కుంది.

"నువ్వే పోనీ నాయనా. గంగ ఎదురుచూస్తాంటాది."

ఆలూరులో సుధీర్ హారన్ కొట్టాడు. చిన్నత్త చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. కొడుకు కారులో అక్క రావడం ఆమెకు కొత్తేమీ కాదు.