బొడిపెల దగ్గర ఆగాలి

"ఆ నేల కింద ఉన్నట్టుండి కరెంటు పోతే పిల్ల ఎట్ల బయటికొస్తాదయ్యా?"

నేనీ మాట అడిగేనాటికి ఇంకా ఏమీ జరగలేదు. బెంగళూరు బ్యాంకులో ఉద్యోగానికి రమ్మని మా కూతురు పద్మప్రియకు కాగితం వచ్చి రెండు రోజులైంది, అంతే. మా ఆయన నృసింహాచారి ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. ఉలి మొనను బొటనవేలితో తడిమి చూసుకున్నాడు.

ప్రియకు నాలుగో ఏట జ్వరంలో చూపు పోయింది. నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు రిజ్వానా అనే పిల్ల పాఠాలు చదివి వినిపించేది. ఆ రిజ్వానా ఇప్పుడు బెంగళూరులోనే ఉంది. ప్రియ పోతే ఇద్దరికీ ఒకే గది. కానీ పని వేళలు వేరు. రోజూ భూమి కింద ఉండే మెట్రో స్టేషన్‌లో ఎక్కి దిగడం ప్రియ ఒక్కతే చేసుకోవాలి. నాయన సరేనంటేనే పోతానని అది చెప్పేసింది. చేరడానికి ఇరవై రోజులే గడువు. ఆ సరే మాత్రం ఆయన నోట్లోంచి రావడం లేదు.

చూడకుండా భయపడేకంటే చూసే భయపడదామని నేనే బయలుదేరాను. నంద్యాల పోయి రైలెక్కాను.

భూమి కింద అంటే నాకు తెలిసింది బెలుం గుహలే. ఒకసారి కొలిమిగుండ్లలో చుట్టాల పెళ్లికి పోయి, అందరితో పాటు లోపలికి దిగి, ఊపిరాడడం లేదని సగంలోనే వెనక్కి వచ్చేశాను. అందుకే బెంగళూరులో రిజ్వానాతో స్టేషన్ మెట్లు దిగుతూ ముందు గాలి ఎక్కడినుంచి వస్తుందా అని వెతికాను. పైకప్పులో ఇనుప రెక్కలున్నాయి, వాటి సందుల్లోంచి చల్లగా వస్తోంది. అవి ఆగిపోతే అని నేను అనబోతుంటే రిజ్వానా నా చెయ్యి పట్టి లాక్కుపోయింది.

నేననుకున్నట్టు అది ఒక గుంత కాదు. ఇంటి కింద ఇల్లు, దాని కింద ఇంకో ఇల్లు. పై అంతస్తులో సంచులు మింగి అవతల కక్కే మిషను, టికెట్ల కిటికీ, టికెట్టు చూపిస్తే రెండు రెక్కలు తెరుచుకునే గేట్లు. ఆ రెక్కలు నా పైటను పట్టుకుంటాయని రెండు సార్లు వెనక్కి తగ్గాను. రైలు ఇంకా కింద. నేను పుస్తకం తీసి అడుగులు రాసుకున్నాను. మెట్ల నుంచి మిషనుకు ముప్పై రెండు, అక్కడినుంచి గేటుకు ఇరవై ఏడు.

"పెద్దమ్మా, స్టేషన్ కొంటాండావా ఏంది, ఇట్ల కొలుస్తాండావ్?" అంది రిజ్వానా.

అప్పుడే కాలికి ఏదో తగిలింది. నున్నటి రాళ్ల మధ్యలో పసుప్పచ్చ పలకలు వరసగా పరిచి ఉన్నాయి. రాతి పనివాడి పెళ్లాన్ని, ఊరుకోలేకపోయాను. చెప్పులు విడిచి ఎక్కాను. కొన్నింటి మీద పొడవాటి గీతలు, కొన్నింటి మీద గుండ్రటి బొడిపెలు. గీతలున్నంత దూరం దారి పోతోంది. బొడిపెలు వచ్చిన చోట మలుపో, మెట్లో, లిఫ్టో ఉంది. లిఫ్టులో మీటల పక్కన కూడా ప్రియ పుస్తకాల్లో ఉండే చుక్కలే. చెప్పులు చేతిలో పట్టుకుని తిరుగుతున్నానని కాపలా ఆమె వచ్చి అడిగింది. రిజ్వానా కన్నడంలో ఏం చెప్పిందో, ఆమే నన్ను కింద ప్లాట్‌ఫారం దాకా తీసుకుపోయి అంచు చూపించింది. అంచుకు ముందు పొడుగునా బొడిపెలే. ఆ తర్వాత పట్టాల గుంత. నేను కాపలా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. బండి కనపడకముందే సొరంగంలోంచి గాలి వచ్చి ముఖానికి కొట్టింది. ఇది ప్రియకు చెప్పాలి అనుకున్నాను.

ఇంటికొచ్చి లెక్కలన్నీ చదివాను. ప్రియ పొట్ట పట్టుకుని నవ్వింది.

"మా, అవి నువ్వు బెదురుకుంటా నడిచిన అడుగులు. నాకెట్ల సరిపోతాయి? కాలికేం తగిలిందో చెప్పు."

పలకల సంగతి చెప్పాను. మా ఆయన అటు తిరిగి కూర్చుని వింటున్నాడు. మరునాడు పొద్దున మిగిలిపోయిన నల్లరాతి పలక ఒకటి ముందేసుకున్నాడు. ఆరు రోజులు దాని మీద ఆ స్టేషన్‌నే చెక్కాడు. గీతలు ఏ వైపుకు, మలుపులు ఎన్ని, లిఫ్టు ఏ పక్కన, ఇవే అడిగాడు. అంచు దగ్గర గోడలాగా ఎత్తు పెట్టమని బతిమాలాను. అదైనా ఉంటే నా ప్రాణం కుదుటపడుతుందని. వినలేదు. ఉన్నది ఉన్నట్టే, బొడిపెల వెనక గుంతే చెక్కాడు.

ఆరో రోజు మధ్యాహ్నం పలక తెచ్చి వసారాలో పెట్టాడు. ప్రియ వేళ్లు దాని మీద రెండు సార్లు పోయి వచ్చాయి. మూడోసారి చీర కొంగు ముడి విప్పినంత సులువుగా కింది నుంచి పైకి వచ్చేశాయి.

ఆయనేమనుకున్నాడో, తానూ కళ్లు మూసుకుని వేలు ప్లాట్‌ఫారం మీద ఆనించాడు. తాను చెక్కిన రాయే. అయినా గేట్ల దగ్గర దారి తప్పి లిఫ్టు గుంతలో పడ్డాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే పడ్డాడు. నుదుటి మీద చెమట పోసింది.

ప్రియ ఆయన వేలు పట్టుకుంది. "నాయనా, బొడిపెలొచ్చినాయి, ఆగు. ఇప్పుడు ఎడమకు. బెదరాకు, గీత వదలొద్దు."

ఆ వేలిని మెల్లగా పై మెట్టు దాకా తెచ్చి వదిలింది. ఆయన కళ్లు తెరిచాడు. వేలికంటిన రాతిపొడి వైపు చూసుకున్నాడు.

నాకు ఆగలేదు. మళ్లీ అదే అడిగాను. కరెంటు పోతే పిల్ల ఎట్ల వస్తాదయ్యా అని.

ప్రియ కూడా తల ఆయన వైపు తిప్పింది. ఆయన పలక అంచున మిగిలిన పొడిని ఊదాడు. కండువాతో తుడిచాడు. మళ్లీ తుడిచాడు. ఎండ వసారా అంచు దాటి పలక మీదికి వచ్చింది.

"కరెంటు పోతే ఆడుండే జనమంతా దాని చెయ్యి పట్టుకోనే బయటికి రావాల" అన్నాడు. "దాని బట్టలు సర్దు."