గంటకి ఒక రోజు

సోమవారం అంటే ఆ ఇంట్లో సూట్‌కేసు రోజు. చిట్టి తెల్లారకముందే లేచి, నాలుగు చొక్కాలు ఇస్త్రీ చేసి, కాలర్లు నలగకుండా అట్టముక్కలు పెట్టి సర్దేది. మొగుడు అద్దం ముందు నిలబడి మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుని, విమానం పదింటికైతే ఆరింటికే బయల్దేరేవాడు. అంత ముందుగా ఎందుకని ఎవరూ అడగరు. లాంజ్‌లో కూచోవాలి కదా.

ఆయన లిఫ్టులు అమ్మే కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఊరూరా తిరిగి మేడలు కట్టేవాళ్ళ చేత సంతకాలు పెట్టించుకు రావడం ఆయన పని. వీధిలో అందరూ ఆయన్ని గోల్డు గారు అంటారు. మెడలో గొలుసు చూసి కాదు, జేబులో కార్డు చూసి. తరచుగా తిరిగేవాళ్ళకి విమానాల కంపెనీ ఇచ్చే బంగారు రంగు కార్డు అది. మామూలు జనం ఇనప కుర్చీల్లో నడుములు విరగ్గొట్టుకుంటుంటే, అది చూపించినవాడు గాజు తలుపు తోసుకుని లాంజ్‌లోకి వెళ్ళి మెత్తటి సోఫాలో కూలబడొచ్చు. వేడి సూపు, కాఫీ మిషను, స్నానానికి వేణ్ణీళ్ళు. వీటన్నిటికంటే పెద్ద సదుపాయం ఇంకోటుంది, అది అందరికీ తెలిసిందే. లాంజ్‌లో కూచున్నవాడికి వయసు తగ్గుతుంది. గోల్డు కార్డుకి గంటకి ఒక రోజు. వారానికి ఏడు గంటలు కూచుంటే ఆ వారం వయసు అసలు పెరగనట్టే.

అయితే కాలం ఊరికే ఎక్కడికీ పోదు. ఒక పెట్టె బరువెక్కువైతే కొంత తీసి పక్కవాళ్ళ సంచిలో వేస్తాం చూడండి, ఇదీ అంతే. కార్డు తీసుకునేటప్పుడు కుటుంబ సభ్యుల్లో ఒకరి పేరు రాయిస్తారు. ఆయనకి తగ్గిన రోజులు వాళ్ళ ఒంటికి చేరతాయి. ఆ కంపెనీ ప్రయాణికుల సామాన్లు పోగొట్టిన సందర్భాలు ఉన్నాయి గానీ, ఇన్నేళ్ళలో ఒక్క రోజు కూడా దారిలో పోగొట్టలేదు.

పెళ్ళైన ఏడాదే కార్డు వచ్చింది. "ఇక్కడ సంతకం పెట్టు" అంటే చిట్టి ఎగిరి గంతేసినంత పని చేసి పెట్టేసింది. "నావన్నీ మీవే కదండీ" అంది. అప్పుడామెకి ఇరవై రెండు. ఇరవై ఆరో ఏట పాపిడి దగ్గర మొదటి తెల్ల వెంట్రుక కనపడింది. ఆయనే చూశాడు. నవ్వుతూ పీకి, ఆమె అరచేతిలో పెట్టి, "ఇది నాదేలే" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. అప్పట్లో నవ్వొచ్చింది మరి.

ఇప్పుడు చిట్టికి నలభై ఏడు. చూసేవాళ్ళకి డెబ్భై దాటినట్టే ఉంటుంది. గోల్డు గారు మాత్రం గోడ మీద పెళ్ళి ఫోటోలో ఎలా ఉన్నాడో అచ్చం అలాగే ఉన్నాడు. ఆ ఫోటోలో పక్కన నిలబడ్డ పిల్ల ఎవరో కొత్తగా వచ్చినవాళ్ళకి విడమరిచి చెప్పాల్సి వస్తుంది. ఒకప్పుడు ముందుగదిలో మిషను పెట్టుకుని వీధి వీధంతటికీ బట్టలు కుట్టింది చిట్టి. సూదిలోకి దారం ఎక్కించలేకపోయిన రోజు మిషను మీద పాత దుప్పటి కప్పేసింది. లాంజ్ నుంచి ఆయన తెచ్చే బుల్లి సబ్బులు, బుల్లి పంచదార పొట్లాలు బీరువా అరలో పోగు పడి ఉంటాయి. ఆమె జన్మలో ఆ లాంజ్‌లో అడుగు పెట్టలేదు గానీ, ఆ సబ్బు వాసన మాత్రం ఒంటికి పట్టేసింది.

ఆమెని కనిపెట్టుకుని ఉండటానికి తల్లి వచ్చి ఆ ఇంట్లోనే ఉంటోంది. కూతురు తల్లిని చూసుకోవడం లోకం తీరు. ఇక్కడ అరవై ఎనిమిదేళ్ళ తల్లి కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతుంది, తెల్లటి జుట్టుకి నూనె రాసి జడ వేస్తుంది. ముసలావిడ గట్టి పిండం. కళ్ళజోడు లేకుండా పొద్దున్నే పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా పైకి చదివి వినిపిస్తుంది. చిట్టికి ఆ టెండర్లతో పనేం లేదు. అయినా అమ్మ గొంతు వింటూ కూచుంటుంది.

మొన్నామధ్య ఆయాసం ఎక్కువైతే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. నర్సు తల్లితో, "మీ అమ్మగారిని మెల్లగా తీసుకురండి" అంది.

"అది నా కూతురమ్మా" అంది తల్లి.

నర్సు ఫైలు చూసి, "ఓహో, గోల్డా" అని తలూపి బరువు రాసుకుంది.

డాక్టరు మంచివాడు, దాచకుండా చెప్పాడు. "గుండె బాగా పలచబడింది. కొంచెం కొంచెంగా పడితే ఎలాగో నెట్టుకొస్తుంది. ఒక్కసారిగా పెద్ద మొత్తం మీద పడితే తట్టుకోదు. అసలే వానలు, విమానాలు ఆలస్యమవుతుంటాయి. మీ ఆయనతో చెప్పి ముందు ఆ పేరు తీయించండి."

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో తల్లి కిటికీలోకి చూస్తూ అంది. "చిట్టీ, నాకొక్క మాటివ్వు. వరస తప్పకు. ముందు నేను. ఆ తర్వాత నీ ఇష్టం."

"నా చేతిలో ఏముందమ్మా?" అంది చిట్టి.

ఆ రాత్రి మొగుడికి అన్నం వడ్డిస్తూ అడిగింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుంటూనే, "ఇప్పుడు పేరు తీసేస్తే గోల్డు పోతుందే. ఇంకొంచెం తిరిగితే ప్లాటినం వస్తుంది. వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు. డాక్టరు మాట కూడా చెప్పింది. "డాక్టర్లు అలాగే బెదిరిస్తారు" అన్నాడు. కాదు, వద్దు అనే మాటలు ఆమె నాలుకకి అలవాటు లేవు. అమ్మ నేర్పలేదు, అత్తారింట్లో అవసరం రానివ్వలేదు.

ఆ తర్వాతి సోమవారం విమానం సాయంత్రానికి. ఆయన ఎప్పటిలాగే నాలుగు గంటల ముందే వెళ్ళాడు. మధ్యాహ్నం వాన పట్టుకుంది. తల్లీ కూతుళ్ళు వంటింట్లో బల్ల దగ్గర కూచుని బీన్సు తుంచుతుంటే చిట్టి ఫోను కీచుమంది. ఏదో మెసేజి. ఆ వెంటనే మొగుడి ఫోను. ఆమె చేతులు తడిగా ఉన్నాయని తల్లి మీట నొక్కి స్పీకరు పెట్టింది.

"కోడ్ వచ్చిందా? చెప్పు, తొందరగా."

"ఏం కోడండీ?"

ఆయన విసుగ్గా చెప్పుకొచ్చాడు. ఒకే విమానాన్ని రెండు కంపెనీలు రెండు నంబర్లతో అమ్ముకుంటాయి. ఒకే ఇంటికి రెండు పేర్ల బోర్డులున్నట్టు. రెక్కలవే, సీటదే, తోలేవాడూ వాడే. ఈసారి ఆఫీసువాళ్ళు చవగ్గా వస్తోందని రెండో కంపెనీ నంబరు మీద టిక్కెట్టు కొన్నారు. దాంతో లాంజ్ గుమ్మంలో అమ్మాయి ఆపేసింది. కార్డు చెల్లుతుందట. కానీ టిక్కెట్టు వేరే కంపెనీది కాబట్టి రోజులు వాటంతటవి ఇంటికి వెళ్ళవట, కుటుంబ సభ్యురాలు ఒప్పుకోవాలట. అందుకని ఆమె ఫోనుకి ఆరంకెల కోడ్ పంపించారు.

"వాన మూలంగా విమానం రేపటికి వేశారు. రేపు పొద్దున్న దాకా నేనిక్కడే. చదువు."

చిట్టి చేతులు తుడుచుకుని ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, కళ్ళు చికిలించి చదివింది. "నాలుగు, ఏడు, ఒకటి, సున్నా, ఆరు... మూడు."

అవతల టకటక నొక్కిన చప్పుడు. "తప్పు చూపిస్తోంది సార్" అన్న ఆడపిల్ల గొంతు.

ఆ ఒక్కసారీ చిట్టి నిజంగానే పొరబడింది. చివరిది మూడు కాదు, ఎనిమిది.

"నీ ముసలి కళ్ళు తగలెయ్యా!" అని అరిచాడు మొగుడు. "ఆరంకెలు చదవడం చేతకాదూ? వెనక జనం చూస్తున్నారు. రాత్రంతా నన్నీ ఇనప కుర్చీల్లో కూచుని చావమంటావా?"

తల్లి చేతిలో బీన్సు చేతిలోనే ఉండిపోయింది. ఆ కళ్ళు ముసలివెలా అయ్యాయో ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసినవాడు ఆయనే. తెలిసీ అన్నాడు. తప్పు చేశానన్న అనుమానం కూడా లేకుండా అన్నాడు. చిట్టికి ఒళ్ళు మండింది. పాతికేళ్ళలో ఆమెకి ఒళ్ళు మండటం అదే మొదలు. తనలో అంత వేడి మిగిలుందని ఆమెకే తెలియదు.

మళ్ళీ మెసేజి వచ్చింది. ఈసారి అలమరలోంచి కళ్ళజోడు తెచ్చుకుంది. కోడ్ కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో రాసుంది. నిదానంగా కూడబలుక్కుంది. లాంజ్‌లో ఇరవై గంటలు. మీ వయసుకు చేరేవి ఇరవై రోజులు. మీరు అంగీకరిస్తేనే ఈ కోడ్ చెప్పండి. మూడుసార్లు తప్పితే కుటుంబ సభ్యురాలి పేరు తొలగిపోతుంది.

అంగీకరిస్తేనే. ఆ మాట రెండోసారి చదువుకుంది. మొగుడు అడగలేదు, కంపెనీ అడగలేదు, ఇన్నేళ్ళూ రోజులు తలుపు కొట్టకుండా వచ్చి ఒంట్లో కూచున్నాయి. ఎవడో గుమాస్తా చవక టిక్కెట్టు కొన్న పుణ్యమాని, ఇవాళ మొదటిసారి ఆమెని అడిగారు.

"ఏమయ్యావే?"

"చదువుతున్నానండీ. రెండు, రెండు, తొమ్మిది, అయిదు..." అంకెలన్నీ అద్దంలో కనపడ్డట్టు కనపడుతున్నాయి. "...ఒకటి, నాలుగు" అంది. చివర ఉన్నది నాలుగు కాదు, ఏడు.

తల్లి మెడ సాచి ఫోను చూసింది. కూతురి మొహం చూసింది. ఇంకో బీన్సు తుంచింది.

"మళ్ళీ తప్పు! చూసి చదువు, ఏడుపుగొట్టు మొహమా!"

"నాకు కనపడటం లేదండీ" అంది చిట్టి. "వయసైపోయింది కదా."

ఈసారి ఆయన గొంతులో తేనె. "పోనీ అత్తయ్యగారికివ్వు. ఆవిడ కళ్ళు దివ్యంగా ఉంటాయి. అత్తయ్యగారూ, ఇదే ఆఖరిసారి. కాస్త జాగ్రత్తగా చదివి పెట్టండి. ఈ ఒక్కసారికీ గండం గట్టెక్కించండి."

"అయ్యో, దానికేం భాగ్యం, అల్లుడుగారూ" అంది తల్లి. చేతులు చీరకి తుడుచుకుంది. మూడో కోడ్ వచ్చిన ఫోను రెండు చేతులా పట్టుకుని, పేపర్లో టెండరు చదివినంత స్పష్టంగా, ఒక్కో అంకె దగ్గరా ఆగి, ఆరంకెలూ చదివింది.

ఆరూ తప్పే.

మళ్ళీ టకటక, ఆ వెంటనే లాంజ్ అమ్మాయి గొంతు మర్యాదగా వినపడింది. "క్షమించండి సార్. మీ కుటుంబ సభ్యురాలి పేరు తొలగిపోయింది. మళ్ళీ చేర్చాలంటే ఆవిడే స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి. కొంచెం పక్కకి జరుగుతారా?"

తల్లి ఫోను కట్టేసింది. చిట్టి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "తప్పు చేశామా అమ్మా?" అంది.

"బీన్సు తుంచు" అంది తల్లి.

గోల్డు గారు ఆ రాత్రంతా ఇనప కుర్చీలో జాగారం చేశాడు. ఇంటికొచ్చేసరికి కళ్ళ కింద చారలు. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట, సంతకానికి ఎయిర్‌పోర్టుకి రమ్మని. చిట్టి రానని అనలేదు. ఒకసారి మోకాళ్ళన్నది, ఒకసారి ఆయాసమన్నది. అన్నీ నిజాలే, అన్నీ ఆయన ఇచ్చినవే. గట్టిగా అడిగిన రోజున, "వచ్చే ఏడు చూద్దాం లెండి" అంది.

చేరిన రోజులు మాత్రం తిరిగి రాలేదు. వస్తాయని ఆమె అనుకోనూ లేదు. వంగిన నడుము వంగే ఉంది, మిషను మీద దుప్పటి దుప్పటే. కానీ అప్పట్నుంచి ఆమెకి రోజుకి ఒక్క రోజే గడిచింది.

ఏడాది తిరక్కుండా ఒక సోమవారం పొద్దున్న అద్దం దగ్గర్నుంచి కేక. చిట్టి సూట్‌కేసు వదిలి వెళ్ళింది. ఆయన జుట్టు పాయ తీసి పట్టుకుని, చిన్నపిల్లాడిలా తల వంచి నిలబడ్డాడు. "తెల్లది వచ్చిందే. ఇదిగో, ఇక్కడే. పీకెయ్, త్వరగా."

అది వెండి తీగలా మెరుస్తోంది. ఆమె దాని వంక తీరిగ్గా చూసింది. ఒకప్పుడు తన అరచేతిలో పెట్టిన దాని లాంటిదే.

"నాకు కనపడటం లేదండీ" అని చెప్పి, చొక్కాలు సర్దడానికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత చలికాలంలో తల్లి పోయింది. పొద్దున్నే పేపరు చదువుతూ చదువుతూ సగంలో ఆపింది. చిట్టి ఇంకా వింటూనే కూచుంది. ఇంటి నిండా జనం చేరారు. ఎదురింట్లో కొత్తగా దిగినావిడ లోపలికొచ్చి, శవం పక్కన కూచున్న మరింత ముసలిదాన్ని చూసి, ఒళ్ళో చెయ్యి వేసి, "అయ్యో పెద్దమ్మా, ఈ వయసులో మీకింత కడుపుకోతా? పోయింది మీ అమ్మాయా?" అని కళ్ళు తుడుచుకుంది.

"కాదమ్మా" అంది చిట్టి. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా వచ్చేసింది. తల్లి చల్లటి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ వినపడేలా, వెక్కుతూనే చెప్పింది.

"మా అమ్మ. నేను కూతుర్ని."